టెంకాయ పొట్టు, బోరు నీళ్ళు: మిద్దె తోట ప్రాజెక్టు డైరీ

గంగ జాతర వారం

ముందు బరువు లెక్క రాసిపెడతాను, ఈ ప్రాజెక్టు పుట్టింది అక్కడే కాబట్టి. పదిహేను లీటర్ల గ్రో బ్యాగులో మన ఎర్రమట్టి నింపి బాగా తడిపితే ఇరవై ఐదు కేజీలకు తగ్గదు. ముప్ఫై సంచులంటే ముప్పాతిక టన్ను. తిరుపతిలో మేం బాడుగకు ఉండేది పాతకాలం కట్టడం. ఇంటి ఓనరు పెద్దాయన మంచివాడే గానీ మాట మాత్రం ఖచ్చితం: "చెట్లు ఎన్నైనా పెట్టుకో సామీ, మట్టిని మాత్రం మిద్దె ఎక్కనీను."

మట్టి వద్దంటే మిగిలేది టెంకాయ పొట్టు. అంగట్లో కోకోపీట్ అని అడగాలి. పీచు మిల్లులో టెంకాయ తొక్క నుంచి నార తీసేటప్పుడు రాలే గోధుమరంగు పొడి ఇది. తొక్క బరువులో నార మూడో వంతు పోతే తక్కినదంతా దాదాపు పొట్టే. ఒకప్పుడు మిల్లుల పక్కన గుట్టలుగా పడి ఉండేది. తగలబెట్టేవాళ్ళు. వానకు అందులోంచి కారే రసం చుట్టుపక్కల నీళ్ళను పాడుచేసేది. యూరప్‌లో కుండీలకు వాడే పీట్‌ను చిత్తడి నేలలు తవ్వి తీస్తారు. అది ఏడాదికి ఒక మిల్లీమీటరు మందాన పేరుకునే సరుకు. ఆ తవ్వకాల మీద అభ్యంతరాలు మొదలయ్యాక, 1980లు దాటేసరికి వాళ్ళ చూపు మన పొట్టు మీద పడింది. పారబోసిన దానికి అప్పుడు ధర వచ్చింది.

తిరుమలలో అఖిలాండం దగ్గర పొద్దస్తమానం టెంకాయలు కొడుతూనే ఉంటారు. కింద ఊళ్ళో ఏ సందు మొనన చూసినా బోండాల బండి. అయినా నేను కొన్న బ్లాకు మీద పొల్లాచ్చి అని అచ్చేసి ఉంది. పొట్టు ఉండేది పీచు మిల్లులు ఉన్నచోట, టెంకాయ కొట్టేచోట కాదు.

తేలిక అనే మాటకు ఒక సవరణ. ఎండు పొట్టు లీటరు 80 నుంచి 100 గ్రాములే తూగుతుంది, నిజమే. కానీ అది తన బరువుకు ఏడెనిమిది రెట్లు నీళ్ళు పీల్చుకుంటుంది. తడిపిన పదిహేను లీటర్ల సంచిని తక్కెడ మీద పెడితే పది, పదకొండు కేజీలు చూపించింది. మట్టిలో సగం కంటే తక్కువ. పెద్దాయనకు ఆ అంకె చూపించి, సంచులను మధ్యలో కాకుండా గోడల వెంబడి, దూలాల మీదుగా వరసపెడతానని ఒప్పించాను.

మే నెల చివర: నానబెట్టడం, కొలవడం

ఐదు కేజీల బ్లాకు మీద పాతిక లీటర్ల నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తే అది పగుళ్ళిచ్చి, పొంగి, డెబ్బై లీటర్ల దాకా పొట్టు అవుతుంది. గట్టిగా ఉన్నప్పుడు గడ్డపారతో పొడవకండి. పొడిస్తే నలిగి మరీ మెత్తని దుమ్ము తయారవుతుంది, తరువాత అడుగున చేరి గాలి ఆడనివ్వదు. తీరిగ్గా నాననిస్తే దానంతటదే విడిపోతుంది.

నానిన పొట్టును పిడికిట పట్టి పిండితే ముదురు గోధుమరంగు నీళ్ళు కారాయి. చాలామంది ఆ రంగు చూసి కంగారుపడి, రంగు పోయేదాకా కడుగుతారు. రంగు ఇచ్చేది టానిన్ల వంటి పదార్థాలు. కడిగితే అవి తగ్గుతాయి, మంచిదే. కానీ అసలు గొడవ రంగు లేని సరుకుతో. అది ఉప్పు. కంటికి కనబడదు కాబట్టి మీటరు కావాలి.

పెన్నులాగా ఉండే టీడీఎస్ మీటరు అంగళ్ళలో దొరుకుతుంది. నిజానికి అది కొలిచేది నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందని, అంటే ఈసీ (ఎలక్ట్రికల్ కండక్టివిటీ, సెంటీమీటరుకు మిల్లీసీమెన్లలో). దాన్ని ఒక అంకెతో హెచ్చించి పీపీఎం అని చూపిస్తుంది. మామూలు పెన్నుల్లో ఈసీ 1.0 అంటే 500 పీపీఎం. కొన్నింటిలో ఆ అంకె 700. అందుకే ఇద్దరు పీపీఎం లెక్కలు పోల్చుకుంటే తగాదా తెగదు. నేను ఈసీలోనే రాస్తాను.

మొదటి పిండుడు నీళ్ళలో ఈసీ 3.1 వచ్చింది. నారు మొక్కలు ఓర్చుకునేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. విత్తనాలకు 0.5 లోపల ఉండాలి.

ఈ ఉప్పు ఎక్కడిది? రెండు దారులు. సముద్రం దగ్గరి ఊళ్ళలో పీచు మెత్తబడడానికి తొక్కలను ఉప్పుకయ్యల్లో నెలల తరబడి ఊరబెట్టే పద్ధతి ఉంది, ఆ సోడియం పొట్టులోకి ఎక్కుతుంది. రెండోది టెంకాయ చెట్టు స్వభావం. అది పొటాష్‌నూ క్లోరైడునూ ఇష్టంగా తీసుకునే చెట్టు, తీసుకున్నదాంట్లో ఎక్కువ తొక్కలోనే దాచుకుంటుంది. సముద్రం మొహం చూడని టెంకాయ తొక్కలోనూ ఉప్పు ఉండడానికి కారణం ఇదే. అమ్మేవాళ్ళ దగ్గర కడిగిన రకం, కడగని రకం రెండూ ఉంటాయి. లో ఈసీ, హై ఈసీ అని అడిగితే అర్థమవుతుంది. నేను కావాలనే కడగనిది తీసుకున్నా. కడగడంలో ఏం జరుగుతుందో చూడాలి కదా.

ఇక్కడ మన ఊరి నీళ్ళ సంగతి అడ్డమొచ్చింది. మా బోరు నీళ్ళ ఈసీ 1.24. ఆ నీళ్ళతో ఎంతసేపు కడిగినా, కిందికి జారే నీళ్ళు 1.24 కంటే దిగవు. ఎట్ల దిగుతాయి? కార్పొరేషన్ కొళాయి నీళ్ళు కొలిస్తే 0.4. కల్యాణి డ్యామో, తెలుగుగంగో, ఏ పూట ఏది వదులుతారో గానీ రెండూ బోరు కంటే ఎంతో నయం. కాబట్టి రూలు ఇది: జారే నీళ్ళ అంకెలోంచి పోసే నీళ్ళ అంకె తీసేయాలి. తేడా 0.2కు వస్తే కడగడం అయిపోయినట్టు. కొళాయి వచ్చే పూటల్లో డ్రమ్ములు నింపుకుని, పాత దోమతెర గుడ్డలో పొట్టు మూటగట్టి, ముంచి, వేలాడదీసి, మళ్ళీ ముంచి ఆ తేడాకు తెచ్చాను.

ఆర్వో మిషన్ వదిలే నీళ్ళు వృథా పోతున్నాయని కుండీలకు పోసేవాళ్ళు మా వీధిలోనే చాలామంది ఉన్నారు. లోపలికి వెళ్ళే నీళ్ళలోని ఉప్పంతా చిక్కబడి బయటికొచ్చేది ఆ నీళ్ళలోనే. ఎర్రమట్టిలో పెద్ద చెట్టుకు కొన్నాళ్ళు నడుస్తుందేమో. పొట్టు సంచికి మాత్రం పోయకండి. గచ్చు కడుక్కోండి.

బఫరింగ్: కడిగినా పోనిది

ఇది కొంచెం నిదానంగా రాయాలి, ఎందుకంటే కోకోపీట్‌తో విసిగి వదిలేసినవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే దెబ్బతిన్నారని నా అనుమానం.

పొట్టు రేణువుల ఒంటి మీద రుణావేశం ఉన్న చోట్లు ఉంటాయి. ధనావేశం ఉన్న అయాన్లు అక్కడ అతుక్కుంటాయి. పొట్టు మిల్లు నుంచి వచ్చేసరికే ఆ చోట్లన్నీ పొటాషియం, సోడియం పట్టుకుని ఉంటాయి. తిరుమల ఘాట్ బస్సులో నిలబడ్డవాళ్ళను దించడం సులువు, సీటు పట్టినవాళ్ళు దిగరు. కడిగితే పోయేది నిలబడ్డ ఉప్పు మాత్రమే. మీటరు చూపించేదీ దాన్నే. సీట్లలో కూర్చున్న పొటాషియం, సోడియం మీటరుకు కనబడవు.

తరువాత మనం ఎరువు పోస్తాం. అందులో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. వీటికి ఆవేశం రెండు, పొటాషియం, సోడియంలకు ఒకటే. రెండున్నవి గట్టిగా అతుక్కుంటాయి కాబట్టి ఒకటున్నవాటిని లేపి ఆ చోటు ఆక్రమిస్తాయి. అంటే మనం మొక్కకని పోసిన కాల్షియాన్ని పొట్టు తినేసి, అడగని పొటాషియం, సోడియం వేర్ల మీదికి వదులుతుంది. టమోటా లాంటి పంటకు ఇది సరిగ్గా కాయ ఊరే సమయంలో దెబ్బ. మనం వేసింది వేసినట్టే ఉన్నా మొక్కకు అందదు.

దీనికి మందు, మొక్క పెట్టకముందే ఆ చోట్లను కాల్షియంతో నింపేయడం. బఫరింగ్ అనేది దీన్నే. డ్రిప్పు రైతులకు ఎరువుల అంగట్లో కాల్షియం నైట్రేట్ దొరుకుతుంది. తెల్ల గుళికలు, గాలి తగిలితే చెమ్మగిల్లుతాయి, డబ్బాలో మూతపెట్టి ఉంచాలి. ఐదు కేజీల బ్లాకు పొట్టుకు వంద గ్రాములు, ముప్ఫై లీటర్ల కొళాయి నీళ్ళలో కరిగించి, కడిగిన పొట్టును అందులో రాత్రంతా ఉంచాను. పొద్దున పిండి, మంచినీళ్ళతో ఒకటి రెండుసార్లు కడిగాను. నానబెట్టకముందు ఆ ద్రావణం ఈసీ, పిండిన తరువాత ఈసీ పక్కపక్కన రాసుకుంటే పెద్ద తేడా కనబడదు, కంగారుపడొద్దు. కాల్షియం లోపలికి పోయింది, దాని బదులు పొటాషియం బయటికొచ్చింది. మీటరుకు రెండూ ఉప్పే.

పోల్చి చూడాలని మూడో వంతు పొట్టును కడిగి మాత్రమే ఉంచాను, కాల్షియం పట్టించలేదు.

జూన్: పలమనేరు ప్రయాణం

నారు కోసం పలమనేరు దగ్గర మా మేనమామ షేడ్‌నెట్ నర్సరీకి పోయాను. ఆ వైపు, వి.కోట, కుప్పం దాకా టమోటా రైతులు ఇప్పుడు మడిలో నారు పోసుకునేది తక్కువ. నర్సరీలో 98 గుంతల ప్రోట్రేలలో పెరిగిన నారు కొనుక్కుంటారు. ట్రేలలో ఉండేది పూర్తిగా టెంకాయ పొట్టే. గుంతకు ఒక విత్తనం, అర సెంటీమీటరు లోతు, పైన పలుచగా పొట్టు. ట్రేలు ఒకదానిమీద ఒకటి పేర్చి ప్లాస్టిక్ పట్ట కప్పుతారు, మొలక తలెత్తగానే విడదీసి పరుస్తారు. టమోటా నారు ఇరవై ఐదు రోజుల్లోపు తయారు, మిరప నెల దాటుతుంది. పీకితే వేర్లు పొట్టుతో సహా ముద్దగా ఊడొస్తాయి, ఒక్క వేరు తెగదు. మడి నారుకూ ట్రే నారుకూ పొలంలో తేడా తెలిసేది అక్కడే.

మామకు నా ప్లాను చెప్పినా. విని నవ్వినాడు.

"ట్రేలో పొట్టుకుండే పని ఇరవై అయిదు దినాలే అబ్బోడా. విత్తనంలో ఉండే బలమే నారుకు సగం దినాలు సరిపోతాది. ఆ పైన రైతు తీసకపోయి మట్టిలో పెట్టుకుంటాడు, మిగిలింది మట్టి చూసుకుంటాది. నువ్వు కాయ కోసేదాకా పొట్టులోనే ఉంచాలంటాండావు. పొట్టులో ఏముండాది? నీళ్ళుండాయి, గాలుండాది. కూడు నువ్వే పెట్టాల, దినామూ."

"పెడతాను మామా. కాల్షియం కూడా పట్టించినా."

"అదేందో నాకు తెలీదు. మాకు వచ్చేది కడిగిన సరుకే. దాంట్లో వేప్పిండి ఇంత కలుపుతాం, అంతే."

కంపెనీ సంకరాలు కాకుండా అర్క రక్షక్ విత్తనంతో నారు పోయించమన్నాను. బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన సంకరం అది. ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా వాడు తెగులు, ముందొచ్చే ఆకుమాడు తెగులు, మూడింటినీ తట్టుకుంటుంది. వాడు తెగులు మట్టిలో ఉండేది కాబట్టి పొట్టులో దాని బెడద ఎటూ తక్కువే. నేను చూసింది ఆకుముడత కోసం. ఊరి మిద్దెల మీద తెల్లదోమకు కొదవ లేదు.

ఆ సంస్థ వాళ్ళే సూక్ష్మజీవులతో పులియబెట్టిన కోకోపీట్, పొట్టులో కూరగాయలు పెంచడానికి అర్క సస్య పోషక్ రస్ అనే పోషక ద్రావణం కూడా తయారుచేశారు. లెక్కలు మనకెందుకు అనుకునేవాళ్ళకు అది దారి. నాకు లెక్కలంటేనే సరదా.

ఆడి నెల మొదట్లో: సంచులు

మూడు రకాలు, ఒక్కో రకానికి పది సంచులు. గుర్తుకు దారాలు కట్టాను.

ఎర్ర దారం: కడిగిన పొట్టు మాత్రమే. తెల్ల దారం: కాల్షియం పట్టించిన పొట్టు. పసుపు దారం: కాల్షియం పట్టించిన పొట్టు ఆరు పాళ్ళు, వర్మీ కంపోస్టు రెండు పాళ్ళు, చెనక్కాయ పొట్టు రెండు పాళ్ళు. చెనక్కాయ పొట్టు మన జిల్లాలో నూనె మిల్లు దగ్గర అడిగితే దాదాపు ఊరికే వస్తుంది. గాలి ఆడడానికి కుండీల్లో కలిపే పెర్లైట్ అనే తెల్లని తేలిక గుళికల దాకా పోనక్కర్లేదని నా వాదన.

సంచికి రంధ్రాలు అడుగున మాత్రమే ఉంటే చాలదు. మెత్తని పొట్టులో నీళ్ళు ఎంత జారినా అడుగున కొన్ని వేళ్ళ మందాన నీళ్ళు పట్టుకునే ఉంటాయి, రంధ్రం పెద్దది చేసినా పోవు. అది రేణువుల సన్నదనాన్ని బట్టి ఉండే లక్షణం. పొట్టి, వెడల్పు సంచిలో ఆ తడి పొర సగం వేర్లను ముంచుతుంది. పొడుగు సంచిలో అదే పొర అడుగునే ఉండిపోతుంది. అందుకని పొడుగు సంచులు తీసుకుని, ఇటుకల మీద ఎత్తి పెట్టి, అడుగునుంచి రెండంగుళాల ఎత్తులో పక్కలకు కూడా రంధ్రాలు పొడిచాను. సంచి రంగు బయట తెలుపు. తిరుపతి ఎండకు నల్ల సంచిలో వేరు ఉడికిపోతుంది. పైన యాభై శాతం షేడ్‌నెట్.

కూడు విషయం. కాల్షియం నైట్రేట్ ఒక సీసా, 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు), మెగ్నీషియం సల్ఫేట్, సూక్ష్మపోషకాలు కలిపి ఇంకో సీసా. చిక్కటి ద్రావణాలుగా రెంటినీ ఒకే సీసాలో కలిపితే కాల్షియం పోయి సల్ఫేటునూ ఫాస్ఫేటునూ పట్టుకుని తెల్లగసిగా అడుక్కి దిగుతుంది, ఇక అది మొక్కకు అందదు. ఒక పూట అది, ఒక పూట ఇది పోశాను. లీటరుకు అర గ్రాముతో మొదలు. 19:19:19లో నత్రజని చాలావరకు యూరియా రూపంలో ఉంటుంది. దాన్ని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్నన్ని కొత్త పొట్టులో ఉండవు. అందుకే కాల్షియం నైట్రేట్ రెండు విధాలుగా అక్కరకొస్తుంది.

పై పొర ఎండినట్టు కనబడుతుంది, వేలు పెడితే లోపల తడి. పొట్టు మీద నీళ్ళ లెక్క కంటితో తేలదు, సంచిని ఒక పక్కకు ఎత్తి బరువు చూడాలి. వారానికి ఒకసారి పోసిన నీళ్ళలో అయిదో వంతు కిందికి జారేంతగా పోయాలి, లేకపోతే ఉప్పు పేరుకుంటుంది.

వినాయక చవితికి ముందు: కాయలు

మూడు దారాలూ పూత దాకా ఒకే రకంగా పెరిగాయి. ఆకు చూసి ఏది ఏదో చెప్పమంటే నేను చెప్పలేకపోయేవాణ్ణి. తేడా కాయల్లో వచ్చింది. ఎర్ర దారం మొక్కల్లో మొదటి గుత్తిలోనే, గోలీ సైజు దాటిన పచ్చికాయల అడుగున నీళ్ళు పట్టిన మచ్చ, కొన్నాళ్ళకు అది నల్లగా అణగారి తోలులా అయింది. కాయ అడుగు కుళ్ళు. తెగులు కాదు, మందు కొడితే పోదు. ఊరుతున్న కాయ చివరికి కాల్షియం చేరకపోతే వస్తుంది. పది మొక్కల్లో ఆరింటికి కనబడింది. తెల్ల దారంలో ఒకదానికి, పసుపు దారంలో అసలు లేదు.

ఇక్కడ తూకంగా మాట్లాడాలి. నీళ్ళు ఒక పూట ఎక్కువ, ఒక పూట తక్కువ అయినా ఇదే కుళ్ళు వస్తుంది, ఎందుకంటే కాల్షియం మొక్కలో నీళ్ళ వెంటే ఎక్కుతుంది. నా ఎర్ర దారం వరస పడమటి గోడ పక్కన ఉంది, సాయంత్రం ఎండ దానికి ఎక్కువ. ఆరుకు ఒకటి తేడా అంతా పొట్టు వల్లేనని ప్రమాణం చేయను. కానీ ఒకటే కూడు, ఒకటే నీళ్ళు పోస్తూ ఇంత తేడా వస్తే ఎక్కువ వాటా పొట్టుదేనని నమ్ముతున్నా.

ఇంకో వింత. ఎర్ర దారం మొక్కల్లోనే మూడో గుత్తికి కుళ్ళు తగ్గిపోయింది. నేను ఏమీ మార్చలేదు. కారణం మా బోరు. గట్టి నీళ్ళంటే అందులో కాల్షియం ఉన్నట్టే, బక్కెట అడుగున తెల్లగా పట్టేది అదే. దినామూ కొంచెం కొంచెంగా పోసిన ఆ నీళ్ళే పొట్టులోని చోట్లను నింపుతూ వచ్చాయి. బఫరింగ్ పనిని బోరు తన నిదానంలో తాను చేసింది, మొదటి రెండు గుత్తులను బలి తీసుకుని.

బ్రహ్మోత్సవాల నాటికి: పసుపు ఆకులు

కాల్షియం ఇచ్చిన బోరే ఇంకో వైపు నుంచి కొట్టింది. మూడు దారాల మొక్కల్లోనూ చిగురాకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగా. ముదురాకుల్లో ఇట్ల వస్తే మెగ్నీషియం లోపం అనుకోవచ్చు, మొక్క దాన్ని పాత ఆకుల్లోంచి లాగి కొత్తవాటికి పంపుతుంది. ఇనుమును అట్ల లాగలేదు. చిగురులో వచ్చిందంటే ఇనుము.

ఇనుము లేక కాదు, కరగక. జారిన నీళ్ళ పీహెచ్ (పులుపు, క్షారం కొలత; ఏడు దాటితే క్షారం) చూస్తే 7.6. పొట్టు మొదట్లో ఆరు దగ్గర ఉండింది. బోరు నీళ్ళలో కాల్షియంతో పాటు బైకార్బొనేటు ఉంటుంది. అది పోసిన ప్రతిసారీ పీహెచ్‌ను మెట్టు మెట్టుగా పైకి నెడుతుంది. మట్టి అయితే ఆ తోపుడును చాన్నాళ్ళు ఓర్చుకుంటుంది, పదిహేను లీటర్ల పొట్టుకు ఆ శక్తి లేదు. అంగట్లో మామూలుగా ఇచ్చే ఈడీటీఏ ఇనుము, అంటే కరిగి ఉండేటట్టు ఈడీటీఏ అనే పదార్థంతో కట్టిన ఇనుము, పీహెచ్ ఆరున్నర దాటితే పని తగ్గుతుంది. దాన్ని ఇంకా ఇంకా పోయడం డబ్బు దండగ. ఈడీడీహెచ్ఏ రకం ఎక్కువ పీహెచ్‌లోనూ నిలబడుతుంది, ఎర్రని పొడి, ఖరీదు. ముందు నీళ్ళు సరిచేయడం మేలు.

రెండు పనులు చేశాను. ఏసీ నుంచి కారే నీళ్ళు గొట్టంతో బక్కెటలోకి పట్టాను. గాలిలోని తేమే అది, ఉప్పు దాదాపు ఉండదు. మీటరు 0.03 చూపించింది. ఉక్కపోత రాత్రుల్లో తెల్లారేసరికి బక్కెట నిండుతుంది. తాగే నీళ్ళు కావు, మొక్కలకు బంగారం. సగం ఏసీ నీళ్ళు, సగం బోరు నీళ్ళు కలిపితే ఈసీ 0.63కు వచ్చింది, కూడు వేసుకోవడానికి చోటు దొరికింది. ఉత్త బోరు నీళ్ళలో ఎరువు కలిపితే ఈసీ రెండున్నర దాకా పోతుండింది, ఇప్పుడు 1.7, 1.8 దగ్గర ఆపగలుగుతున్నా.

రెండోది నిమ్మ ఉప్పు. కిరాణా అంగట్లో దొరికేదే. కలిపిన నీళ్ళలో లీటరుకు 0.15 గ్రాములు వేస్తే పీహెచ్ ఆరుకు కొంచెం పైన నిలిచింది. పీహెచ్ కాగితం ముక్కతో రంగు చూసుకుంటూ మీ నీళ్ళకు మీరే తేల్చుకోవాలి, నా అంకె మీకు పనికిరాదు. సూక్ష్మజీవులు నిమ్మ ఉప్పును తినేస్తాయి కాబట్టి దీని పని తాత్కాలికం. పెద్ద పాలీహౌసుల్లో ఫాస్ఫారిక్ ఆసిడ్ వాడతారు. మిద్దె మీద పిల్లలు తిరిగేచోట నాకు ఆ సీసా వద్దు.

కొత్త చిగురు పచ్చగా వచ్చింది. పసుపు తిరిగిన పాత చిగురు అట్లనే ఉండిపోయింది.

మధ్యలో, పక్క పనులు

తొక్క ముక్కలు: టెంకాయల అంగట్లో ఎండు తొక్కలు అడిగి తెచ్చి కత్తితో అంగుళం ముక్కలు కొట్టి, నానబెట్టి, కాల్షియం పట్టించి, సంచి అడుగున వేశాను. చేతులు బొబ్బలెక్కాయి. మిషన్ లేకుండా ఇది ఆర్కిడ్ కుండీలు రెండు మూడింటికే బాగుంటుంది. బోండాల తొక్క అయితే పచ్చిది, నీళ్ళతో నిండి ఉంటుంది, ఎండడానికే కాలం పడుతుంది.

కుళ్ళబెట్టిన పొట్టు: ముడి పొట్టులో కార్బన్, నత్రజని నిష్పత్తి వందకు పైమాటే. కట్టెకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ ఎక్కువ, మామూలు దిబ్బలో కుళ్ళదు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ పద్ధతిలో టన్ను పొట్టుకు ఐదు కేజీల యూరియా, కేజీన్నర ప్లూరోటస్ పుట్టగొడుగు స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) పొరలు పొరలుగా వేసి తడి ఆరకుండా ఉంచితే ఆ నిష్పత్తి 112 నుంచి 24కు దిగుతుంది. కాయర్ బోర్డు పిత్‌ప్లస్ పేరుతో ఇచ్చే కల్చరు కూడా ఇదే జాతి శిలీంధ్రం. నేను ఇరవై కేజీల ఎండు పొట్టుకు వంద గ్రాముల యూరియా, ముప్ఫై గ్రాముల స్పాన్ వేసి నీడలో గోనెపట్ట కప్పి ఉంచాను. రెండు నెలలు దాటాక నల్లబడింది, అడవి మట్టి వాసన వచ్చింది. ఆకుకూరలకు దాచాను.

కార్తీకం: వానలు

కపిలతీర్థంలో జలపాతం దూకుతోందని ఊరంతా పోయి చూసే రోజులు. మిద్దె మీద మాత్రం పని ఎక్కువ. 2021 నవంబరు వానలు చూసిన ఊరు కాబట్టి పెద్దాయన రోజుకొకసారి పైకొచ్చి నీళ్ళు నిలబడ్డాయా అని చూస్తున్నాడు. ఆయన భయం న్యాయమే. సంచుల్లోంచి కొట్టుకొచ్చిన పొట్టు వాన గొట్టం మొనన చేరి మూసేస్తుంది. గొట్టానికి దోమతెర కట్టి, దాని ముందు ఇటుక అడ్డం పెట్టాను. తెర మీద చేరిన పొట్టును రోజూ చేత్తో తీసి సంచిలోకే వేస్తున్నా.

వాన నీళ్ళలో ఉప్పు లేదు, పోసిన కూడంతా కడిగి తీసుకుపోతుంది. ముసురు పట్టిన తరువాత జారిన నీళ్ళు కొలిస్తే 0.3. మొక్కలు పాలిపోయాయి. వాన తెరిపిచ్చిన పూట పలుచగా కూడు పోయడం తప్ప మార్గం లేదు. తడి ఆరనప్పుడు చిన్న నల్ల ఈగలు పుట్టాయి, పొట్టు పై పొరలో గుడ్లు పెడతాయి. పసుపు దారం సంచుల్లోనే ఎక్కువ, కంపోస్టు ఉంది కదా. జిగురు అట్టలు పెట్టి, పైన ఇసుక పలుచగా చల్లితే తగ్గాయి.

చెనక్కాయ పొట్టు మీద నా వాదన సగమే నెగ్గింది. మొదట్లో గాలి బాగా ఆడింది. వానలకు అది కుళ్ళి, సంచిలో మట్టం నాలుగు వేళ్ళు కుంగింది. ఒక పంటకు సరే, రెండో పంటకు మళ్ళీ నింపాలి. అయినా మొత్తం మీద కాయ బరువు పసుపు దారానిదే ఎక్కువ, తెల్లది దగ్గరలోనే ఉంది.

మార్గశిరం: రెండో పంటకు

ముసలి టమోటా మొక్కలు కోసేశాను, పీకలేదు. పీకితే సగం పొట్టు వేర్లతో వచ్చేస్తుంది. మొదలు దగ్గర కోసి, పెద్ద వేర్ల ముద్ద మాత్రం తీసి, సన్నవేర్లు లోపలే కుళ్ళనిచ్చాను. మంచి పొట్టు రెండు మూడేళ్ళు నిలుస్తుంది. ఆ తరువాత మెత్తబడి నీళ్ళు బిగపట్టేస్తుంది. అప్పుడు ఊళ్ళో మామ పొలంలో మామిడి చెట్ల పాదుల్లోకి పోతుంది.

ఎర్ర దారం సంచులకు ఈసారి కాల్షియం నైట్రేట్ పట్టించాను, పోల్చి చూసే పని అయిపోయింది. పసుపు దారం సంచుల్లో కుంగిన మేరకు పుట్టగొడుగుతో కుళ్ళబెట్టిన పొట్టు వేసి చిర్రాకు, కొత్తిమీర చల్లాను. తెల్ల దారం సంచులు వానకు బాగా కడిగి ఉన్నాయి, జారే నీళ్ళ ఈసీ 0.5 చూపిస్తోంది. కూరగాయల్లో ఉప్పును అందరికంటే తక్కువ ఓర్చుకునేది బీన్స్, ఈసీ ఒకటి దాటితేనే దిగుబడి పడిపోతుంది. వేసవిలో బోరు మీద ఆధారపడినప్పుడు దాని జోలికి పోలేం. డ్రమ్ముల్లో వాన నీళ్ళు ఉన్నన్నాళ్ళే దాని అదను కాబట్టి, తెల్ల దారం పది సంచుల్లోనూ బీన్స్ విత్తనాలు పెట్టేశాను, సంచికి మూడు.